మామిడి లోడు మీద శ్రద్ధాంజలి

ఆ రోజుల్లో నాకు రచయితను కావాలనే కోరిక ఉండేది కాదు. అప్పటికే అయిపోయాననీ, ఆ సంగతి మిగతా లోకానికి తెలియడమే ఆలస్యమనీ నా నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, డిగ్రీ పూర్తయిన తీరిక, గడ్డం, భుజానికి గుడ్డసంచి, 'మేఘశిఖర' అనే కలం పేరు. ఇన్ని ఉన్నాక ఇంకా కావలసిందేమిటో నాకు తోచేది కాదు. (కథలు కావాలని చాలా ఆలస్యంగా తెలిసింది.) మాది వడమాలపేట దగ్గర ఒక పల్లె. ఇంటి ముందు రెండెకరాల తోతాపురి మామిడి తోట, వెనక ఆవుల కొట్టం, మధ్యలో నేను. ఇప్పుడా పిల్లవాణ్ణి తలుచుకుంటే కోపం రాదు, జాలీ పెద్దగా కలగదు. బస్సులో పక్క సీట్లో కూర్చుని గట్టిగా ఫోన్ మాట్లాడే అపరిచితుడిని చూసినట్టు చూస్తాను.

నా కథల్లో మా ఊరు ఉండేది కాదు. సొంతూరి గురించి రాయడమంటే ఇంట్లో కట్టుకునే లుంగీతో పెళ్ళికి పోవడమని నా అభిప్రాయం. అందుకే పులికాట్ జాలర్ల మీద వరసగా మూడు కథలు రాశాను. పులికాట్‌ను అప్పటికి నేను చూడలేదు. చేపను కూడా అమ్మ ముక్కలు కోసి పులుసులో వేశాక చూడడమే. అయినా ఆ కథల్లో వలలు విసిరించాను, పడవలు ముంచాను, ప్రతి కథ చివరా కొంగల గుంపును సూర్యుడి వైపు ఎగరేశాను. ఒక పత్రిక సంపాదకుడు దయతలచి రెండు ముక్కలు జవాబు రాశాడు. 'మీ కథలో చేపలు సహజంగా ఉన్నాయి. మనుషుల మీద కూడా ప్రయత్నించండి.' నేను మొదటి వాక్యాన్ని కత్తిరించి మంచం పక్క గోడకు అంటించుకున్నాను. మిగతా పత్రికలు ఆ మాత్రం మర్యాద కూడా చేయలేదు.

మా నాయన ఓర్పున్న మనిషి. కానీ రైతు ఓర్పుకు ఒక కాలం ఉంటుంది. మామిడి పిందె గోలీకాయంత అయ్యేదాకా చూసి, ఒక ఉదయం నన్ను కొట్టం దగ్గరికి పిలిచాడు.

"రేయ్, నీ రాతలకు నేనెప్పుడూ అడ్డం జెప్పలా. కానీ దేనికైనా ఒక గడువుండాల గదా. మన కాయలు జ్యూసు ఫ్యాక్టరీకి పోయే పొద్దుకు నీ రాత ఏదో ఒగటి అచ్చులో సూపియ్యి. సూపీలేదంటే నగిరికి పో. మీ మామతో మాట్లాడినా" అన్నాడు.

ఆ మామ మాకు చుట్టం కాదు, నాయన స్నేహితుడు. నగరిలో పవర్‌లూమ్ షెడ్డు నడిపేవాడు. రాత్రింబవళ్ళు టకటకమని కొట్టుకునే మగ్గాల మధ్య నిలబడితే ఎంతటివాడికైనా తలలో ఇంకో ఆలోచన నిలవదని ఆయనే నాయనకు భరోసా ఇచ్చాడట. నన్ను పంపుతున్నది ఉద్యోగానికో వైద్యానికో నాకు అర్థం కాలేదు. అమ్మ మాత్రం పక్కకు పిలిచి, "ఈ ఏడు కాయలు లేటుగానే దిగుతాయిలే నాయనా, నువ్వు నిదానంగా రాసుకో" అని ధైర్యం చెప్పింది. అప్పటినుంచి పొద్దున లేవగానే తోటలోకి పోయి కాయ సైజు చూసుకునేవాణ్ణి. తన తోటలో కాయ పెరగకూడదని మొక్కుకున్న రైతుబిడ్డ మా జిల్లాలో నేనొక్కడినే అయ్యుంటాను.

పగలు తిరుపతిలో ఒక ఫ్లెక్సీ షాపులో పని చేసేవాణ్ణి. ఇంట్లో 'కంప్యూటర్ పని' అని చెప్పాను, అబద్ధమేమీ కాదు. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, చెవులు కుట్టించడాలు, నాయకుల రాకపోకలు అన్నిటికీ అక్షరాలు పేర్చడం నా వంతు. వీటన్నిటిలో నేను రాణించింది మాత్రం చావుల్లో. మా వైపు ఎవరైనా పోతే దూరపు చుట్టాల కంటే ముందు ఫ్లెక్సీ చేరుకోవాలి. పైన ఫోటో, కింద రెండు దీపాలు, 'శ్రద్ధాంజలి', అడుగున 'శోకసంద్రంలో మునిగిన' వాళ్ళ ఫోటోలు. అన్ని షాపుల్లోనూ ఒకటే నమూనా, పేరు మార్చడమే పని. నేను చేరాక అందులో నాలుగు సొంత వాక్యాలు పడడం మొదలైంది. పత్రికలవాళ్ళు వద్దన్న విశేషణాలన్నీ నా దగ్గర కుప్పగా మూలుగుతుండేవి, వాటిని పోయినవాళ్ళకు పంచిపెట్టాను. "మా వాడు మ్యాటరు కొడితే ఏడవనోడు కూడా ఏడవాల్సిందే" అని ఓనరు షాపు అన్న గర్వంగా చెప్పుకునేవాడు. నాకది అవమానంగా ఉండేది. (లోపల మాత్రం కొంచెం బాగానే ఉండేది.)

అట్లాంటి రోజుల్లో షాపుకు ఊహూఁ పెద్దాయన వచ్చాడు. ఆయనది మా పక్క ఊరు. ఎవరేమి చెప్పినా ముందు 'ఊహూఁ' అనేవాడు కాబట్టి ఆ పేరు. డెబ్బై దాటిన మనిషి, నెత్తిన తువ్వాలు, చేతిలో సంచి. సంచిలోంచి తన ఫోటో తీసి నా ముందు పెట్టాడు.

"సావు ఫ్లెక్సీ కావాల."

"ఎవరికి పెద్దాయనా?"

"ఫోటో సూస్తా ఉండావు గదా. నాకే."

షాపు అన్న కుర్చీలోంచి లేచాడు. పెద్దాయన తాపీగా కూర్చుని కారణం చెప్పాడు. "మా ఇంటామె పోయినప్పుడు మావోళ్ళు ఆమెకు ఫ్లెక్సీ కట్టినారు. 'మితభాషిణి' అని రాసినారప్పా. అది నోరు మూసుకోని కూర్చునిండేది నేను ఒక పొద్దన్నా సూళ్ళా. పదైదు దినాలు ఆ ఫ్లెక్సీ కిందనే నడిచినా. ఎవురి పెండ్లామో పోయినట్టుండె నాకు. నేను పోయినాక మీరేమి రాస్తారో నాకు కనబడదు గదా. అందుకని ఇప్పుడే రాసి సూపియ్యి."

ఆయన గొంతులో దుఃఖమేమీ లేదు, కాయల బేరం మాట్లాడినట్టే మాట్లాడాడు. నాకు మాత్రం అది జీవితంలో వచ్చిన మొదటి సాహిత్య అవకాశంలా కనిపించింది. పది నిమిషాల్లో ఒక చిత్తుప్రతి తయారు చేసి వినిపించాను.

'పేదల పెన్నిధి...' అన్నానో లేదో, "ఏ పేదోళ్ళు? ఒకణ్ణి పిల్చుకోని రా, సూద్దాం" అన్నాడు.

'అజాతశత్రువు' దగ్గర, "కాలవ నీళ్ళకు పక్క తోటాయప్పతో నాకు రెండేండ్లు మాటల్లేవు. నువ్విట్లా రాస్తే ఆయప్ప నవ్వడా?" అన్నాడు. చివరికి, "ఊహూఁ, కుదర్లేదు, మళ్ళా వస్తా" అని లేచిపోయాడు.

ఆ తర్వాత తిరుపతిలో పని పడ్డప్పుడల్లా వచ్చేవాడు. నా జీవితంలో అంత శ్రద్ధగా నా రాతలు చదివిన సంపాదకుడు ఇంకొకరు లేరు. వేలు పెట్టి మాటమాటా తడిమేవాడు. నేను విశేషణాన్ని మార్చేవాణ్ణి, ఆయన విశేష్యాన్నే కొట్టేసేవాడు. ఐదో చిత్తులో నేను రాసుకున్న గొప్ప వాక్యం ఒకటి ఉంది. 'తన తోటలో కాయలు కోసిన పసివారిని పల్లెత్తు మాట అనని కరుణామూర్తి.' దాని దగ్గర ఆయన వేలు ఆపి, "కాగితం మీద తెలీదప్పా. ఊళ్ళో కట్టేంత సైజులో ఒగటి అచ్చెయ్యి, నిలబెట్టి సూస్తా" అన్నాడు. ఆయన కొట్టేసిన 'పేదల పెన్నిధి', 'అజాతశత్రువు' వదులుకోవడానికి మనసొప్పక నేను మళ్ళీ చేర్చి అచ్చువేశాం. తేదీ దగ్గర చుక్కలు పెట్టి, షాపు గోడకు వేలాడదీశాం. పెద్దాయన ఎదురుగా నిలబడి, జనం దండం పెట్టే ఎత్తులో తనను తాను చూసుకుని, చివరికి తల అడ్డంగా ఊపాడు.

"ఊహూఁ. ఇది నేను గాదు. ఎవురో మంచోడు సచ్చిపోయినట్టుండాది."

నాకు ఒళ్ళు మండింది. పెద్దాయన పోయాక దాన్ని చుట్టచుట్టి బస్సులో ఇంటికి తెచ్చి ఆవుల కొట్టం మీదికి విసిరేశాను. నగరి మగ్గాల చప్పుడు ఆ రోజే నా చెవుల్లో మొదలైంది.

మా వైపు ఫ్లెక్సీకి రెండో జన్మ ఉంటుందని చెప్పాలి. పని తీరిన ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. చింతపండు ఎండబెట్టడానికి పరుస్తారు, గడ్డివాము మీద కప్పుతారు. నాయకుల నవ్వు ముఖాల కింద మా ఆవులు వానకు తడవకుండా నిలబడేవి. అందుకే కోతలు అయిపోయిన తెల్లవారి, మబ్బు పట్టిందని మా నాయన తొందరపడి, కొట్టం మీద చేతికందిన కొత్త ఫ్లెక్సీని లాగి ట్రాక్టరు డ్రైవర్ చేతికిచ్చాడు. అందులో ఏముందో ఆయన చూడలేదు. డ్రైవర్ దాన్ని మామిడికాయల లోడు మీద పరిచి, తోక భాగాన్ని వెనక డోరు మీదికి వేలాడేలా లాగి తాళ్ళు బిగించాడు. తెల్లటి వైపు లోపలికి, పెద్దాయన వైపు బయటికి. నాయన ముందు ఇంజిన్ మీద కూర్చున్నాడు. వెనక ఎవరు వస్తున్నారో ఆయనకు తెలియదు.

ఆ ట్రాక్టరు నిదానంగా పెద్దాయన ఊరి మీదుగానే పోయి, జ్యూసు ఫ్యాక్టరీ ముందు క్యూలో చేరింది. సీజన్‌లో ఆ క్యూ చూసినవాళ్ళకు తెలుసు, గేటు దగ్గర మొదలైన బండ్లు రోడ్డు మలుపు తిరిగి కనబడకుండా పోతాయి. పొద్దంతా పది అడుగులు కదిలితే గొప్ప. రైతులకు చేసేందుకు పని ఉండదు, చదివేందుకు పేపరు ఉండదు. అట్లాంటి చోట, చదవగలిగిన పెద్ద అక్షరాలతో, చక్కటి తెలుగులో ఒక చావు వార్త వచ్చి నిలబడింది. జనం మూగారు. సందడి విని నాయన కూడా వెనక్కి వచ్చి చదివాడు. ఎవరో అనుమానపడి, "తేదీ లేదే అన్నా, నిజమేనా?" అని అడిగారట. దానికి మా నాయన ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఆ ఊళ్ళలో చెప్పుకుంటారు. "మావోడు ఆ ఫ్లెక్సీ షాపులోనే పన్జేసేది. సావకుండానే అచ్చేస్తాడా?"

ఆ మాటతో పెద్దాయన పోయినట్టు ఖాయమైంది. ఫోన్లు పోయాయి. పుత్తూరులో ఉన్న ఆయన అల్లుడు దారిలోనే పూలదండ కొనుక్కుని, ఏడుస్తూ క్యూ దగ్గర దిగాడట. ఫ్లెక్సీ అడుగున తన ఫోటో కోసం ఎంత వెతికినా కనబడకపోయేసరికి ఏడుపు ఆపి, దండ బండి హ్యాండిల్‌కు తగిలించి, ఇంకొకసారి వెతికాడట. (పెద్దాయన రెండో చిత్తులోనే అల్లుడిని కొట్టేశాడు.)

నాయన నుంచి షాపుకు ఫోన్ వచ్చింది.

"రేయ్, పెద్దాయన పోయినాడని నాకొక మాట జెప్పుంటే నీ సొమ్మేం పోయిందిరా?"

"ఎవరు చెప్పినారు నాయనా?"

"నువ్వే గదరా! నువ్వు అచ్చేసిందే గదా మన లోడు మీదుండేది. ఈడ క్యూలో ఉండేవోళ్ళంతా అదే చదవతా ఉండారు."

ఒక మనిషి బతికున్నాడా లేడా అని ముందు అడగాలి. నేను అడిగింది వేరు. "అందరూ చదవతా ఉండారా? బాగుందంటున్నారా?" ఆ ప్రశ్నకు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను. ఆ తర్వాతే షాపు అన్న బండి తీసుకుని పరిగెత్తాను.

ఈలోగా పెద్దాయన ఇంట్లో జరిగింది తర్వాత ఆయన నోటనే విన్నాను. ఆయన వసారాలో కూర్చుని సంగటి తింటుండగా చావు డప్పు కొట్టే పలకలవాళ్ళు నలుగురు వాకిట్లోకి వచ్చారు. ఆయన్ను చూసి ముందున్నవాడు పలకను వీపు వెనక దాచుకున్నాడు.

"ఎవురికప్పా?" అని పెద్దాయన అడిగాడు.

"మీకే పెద్దాయనా. ఫ్లెక్సీ పడిందంట, రమ్మన్నారు."

"అట్లనా? ఎట్లుండాదంట?" (ఆయన అడిగినదీ నా ప్రశ్నే అని విన్నప్పుడు నాకు కొంత ఊరట కలిగింది.) వచ్చినవాళ్ళకు సంగటి పెట్టించి, మనవడి బండెక్కి ఫ్యాక్టరీ దగ్గరికి బయలుదేరాడు.

నేను పోయేసరికి మా ట్రాక్టరు వెనక తిరునాళ్ళలా ఉంది. గుంపు చివర తువ్వాలు ముఖం మీదికి లాక్కుని ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆ సంచి నాకు తెలుసు. నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "అరవబాకు. ఏమంటారో యినుకోనీ." ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం, ఒకరు పోయినవారు, ఒకరు రాసినవారు. కళ్ళజోడాయన ఒకడు గట్టిగా చదువుతున్నాడు. 'పేదల పెన్నిధి' దగ్గర ఒకడు ఆవులించాడు. 'అజాతశత్రువు' దగ్గర ఒక నవ్వు వినబడింది, అది పక్క తోటాయనదే. నేను రాసిన ఒక్కొక్క మాటా జనం మధ్యలో నిలబడి ఎంత ఒంటరిగా ఉందో మొదటిసారి చూశాను. పత్రికలు తిప్పి పంపినప్పుడు అంత బాధ కలగలేదు.

'పల్లెత్తు మాట అనని కరుణామూర్తి' దగ్గరికి వచ్చేసరికి నలభై ఏళ్ళ రైతు ఒకడు అడ్డం తగిలాడు.

"ఎవురబ్బా ఇది రాసింది? నన్ను తరిమినాడు గదా! చెప్పులు ఆడనే ఇడిసి పరిగెత్తినా."

"నన్నూ తరిమినాడు" అన్నాడు ఇంకొకడు.

"తరుముతాడు. కానీ పట్టుకునేటోడు కాదు సూడు. దొరికిపోతామనేంత దగ్గిరికొచ్చి, గేటు కాడ నిలబడిపోయేవాడు. ఒక్కరినన్నా పట్టుకున్నాడా?"

"లేదబ్బా. ఎవురినీ పట్టుకోలా" అన్నారు నలుగురైదుగురు. అందరూ ఒకసారి నవ్వారు. ఆ నవ్వు ఆగిపోయాక, చెప్పులు వదిలేసి పరిగెత్తిన ఆ రైతు తువ్వాలతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఏరికోరి పెట్టిన మాటలేవీ చేయలేని పని అది.

పెద్దాయన అప్పుడు ముఖం మీది తువ్వాలు తీశాడు. ముందున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి వేశారు. ఒకడు మామిడికాయల మీదికే ఎక్కేశాడు. అల్లుడు దండ కోసం చూసి, మళ్ళీ మానుకున్నాడు. "పెద్దాయనా, మీరు పోయినారని..." అని కళ్ళజోడాయన నసిగాడు.

"ఇంకా పోలేదప్పా. మ్యాటరు కుదర్లా" అన్నాడు పెద్దాయన. నా వైపు తిరిగి, "ఆయప్ప చెప్పింది యిన్యావు గదా. అది రాసుకో. తరిమేవాడు, పట్టుకునేవాడు కాదు. అది నేనే. మిగిలిందంతా కొట్టేయ్" అన్నాడు.

గుడ్డసంచిలోంచి పుస్తకం తీసి రాసుకున్నాను. "ఎందుకు పట్టుకునేవారు కాదు పెద్దాయనా?" అని అడిగాను.

"పట్టుకుంటే కొట్టాల గదప్పా" అన్నాడు.

అప్పటిదాకా ఒక పక్కన నిలబడి ఉన్న నాయన దగ్గరికి వచ్చాడు. తన లోడు మీద తన మాటతో ఒక మనిషిని చంపినందుకు ముందు ఆయనకు దండం పెట్టాడు. పెద్దాయన నవ్వి, "మీ వాడు రాసిందే ఇది. అంతా అబద్ధమే. కానీ ఇన్ని ఊళ్ళోళ్ళ చేత చదివించినాడు, సూడు" అన్నాడు. నాయన నన్నూ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూశాడు. ఇవాళ కాయలు ఫ్యాక్టరీకి వచ్చిన రోజని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"ఇందులో నీ పేరు యాడుండాది?" అన్నాడు.

"పేరు లేదు నాయనా."

"పేరు లేకపోయినా చదివినారే" అని, కొంచెంసేపు గేటు వైపు చూసి, "అచ్చయితే అయింది గదా. నగిరి మామకు నేను జెప్తాలే" అన్నాడు. అన్‌లోడు అయ్యాక ఆ ఫ్లెక్సీని తనే విప్పి, అక్షరాలు లోపలికి పోయేలా మడతపెట్టి ఇంజిన్ మీద పక్కన పెట్టుకున్నాడు. ఆ మడత చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం తర్వాత నా పేరుతో కథ అచ్చయినప్పుడు కూడా కలగలేదు. (రెండేళ్ళకు అచ్చయింది. అందులో చేపలు లేవు. నాయన చదివి, "క్యూలో చదివినంత మంది చదివింటారా?" అని అడిగాడు. ఏమో అన్నాను.)

పెద్దాయన ఆ తర్వాత ఏడేళ్ళు బతికాడు. ప్రతి ఏడూ కాయలు దిగే కాలానికి ఒకసారి కనబడి, "మార్పులేమీ లేవు, అదే ఉండనీ" అని చెప్పిపోయేవాడు. ఆయన పోయిన రోజు షాపు అన్న నన్నే పిలిచాడు. ఫోటో, పేరు, కింద ఆ రెండు వాక్యాలు, అంతే. దీపాలు పెట్టలేదు, శోకసంద్రం పెట్టలేదు. ఊళ్ళో కట్టాక చాలామంది దాని ముందు ఆగి చదివి, ముందు నవ్వి, తర్వాత ఏడ్చారు. నేను ఏ వరసలోనూ ఆయనకు ఏమీ కాను. అయినా ఆ ఫ్లెక్సీ కింద నిలబడి బాగా ఏడ్చాను.

ఇప్పుడు నావి మూడు పుస్తకాలున్నాయి. అమ్ముడుపోని కాపీలు అటక మీద ఉన్నాయి. దుమ్ము పడకుండా వాటి మీద కప్పింది నాయన ఆనాడు మడతపెట్టి తెచ్చిన ఆ పాత ఫ్లెక్సీనే. గడ్డం తీసేశాను, మేఘశిఖర ఎటుపోయాడో తెలియదు. పోయిన నెల తీరిగ్గా ఉన్న ఒక మధ్యాహ్నం నా ఫ్లెక్సీకి నేనే మ్యాటరు రాసుకుందామని కూర్చున్నాను. 'ప్రముఖ రచయిత' అని మొదలుపెట్టాను. ఎవురికి ప్రముఖం అని వినబడినట్టయి, మొదటి మాట కొట్టేశాను. కాసేపు చూసి రెండోదీ కొట్టేశాను. ఆ తర్వాత మెల్లగా రాశాను. 'కథల వెంట పరిగెత్తేవాడు. పట్టుకునేవాడు కాదు.' రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఊహూఁ అని ఎవరూ అనలేదు.